మందిర్ హసౌద్ పొలాల్లో తెల్లంచు గువ్వలు

ఫోను చేసిన మనిషి తన పేరు చెప్పకముందే నా తప్పు చెప్పాడు.

"అమ్మా, మీ పిట్టల పుస్తకంలో గువ్వ కాడ తప్పు రాసినారు. ఆ చలికాలం గువ్వ మా రాయపూర్ కూడా వస్తాది. నాను సూసినాను."

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. చిన్నపిల్లల కోసం మన పక్షుల మీద ఒక బొమ్మల పుస్తకం రాశాను. అందులో ఒక పేజీ మా వైపు పెద్దవాళ్ళు ఎదురుపొద గువ్వ అని పిలిచే పెద్ద గువ్వది. ఊళ్ళో తిరిగే చుక్కల గువ్వ కంటే బొద్దుగా ఉంటుంది. రెక్క మీద ప్రతి ఈకకూ ఇటుకరంగు అంచు, మెడ పక్కన నలుపు తెలుపు చారలు. మధ్య భారతపు అడవుల్లో ఏడాది పొడవునా ఉండే రకానికి తోక అంచు బూడిదరంగు. చలికాలానికి మాత్రం వచ్చిపోయే వలస రకానికి తోక అంచూ, పొట్ట కిందా తెలుపు. అది హిమాలయాలకు అవతలి నుంచి వస్తుందని రాసి, ఎక్కడెక్కడికి వస్తుందో చిన్న పటం గీశాను. ఆ పటంలో రాయపూర్ చుట్టుపక్కల రంగు వేయలేదు. ఇక్కడ స్థానిక గువ్వ మాత్రమే ఉంటుందని కింద ఒక వాక్యం కూడా చేర్చాను. నేను అక్కడ చూడలేదు, నాకు తెలిసినవాళ్ళెవరూ చూడలేదు. నా దగ్గరున్న ఆధారం అంతే.

ఆయన పేరు రామినాయుడు. ఊరు బొబ్బిలి దగ్గర. రాయపూర్ నుంచి మహాసముంద్ వెళ్ళే లైను మీద, మందిర్ హసౌద్ దాటాక ఒక లెవెల్ క్రాసింగు దగ్గర ఇరవై ఆరేళ్ళు గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బొబ్బిలిలో పెళ్ళికి వెళ్ళినప్పుడు మేనకోడలి కూతురి చేతిలో నా పుస్తకం చూశాడట.

"స్థానిక గువ్వను చూసి ఉంటారండీ, రెండూ ఒకలాగే ఉంటాయి," అన్నాను.

"రెండూ నాకు తెలుసునమ్మా. మీరొచ్చి సూడండి."

ఎండాకాలం మొదట్లో రెండో ముద్రణకు వెళ్ళాల్సి ఉంది. తప్పుంటే దిద్దాలి, లేకపోతే ఈ పెద్దాయనకు మర్యాదగా చెప్పి రావాలి. నిజం చెప్పాలంటే రెండోదే జరుగుతుందనుకుని ఫిబ్రవరి చివర్లో బయల్దేరాను.

మహానది మీద తెల్లారింది

రైల్లో నా ఎదురు బెర్తులో భిలాయి వెళ్తున్న ఒకావిడ. భర్త ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్. పుట్టిల్లు చీపురుపల్లి. పొద్దున్నే టిఫిన్ డబ్బా తెరిచి, అడక్కుండానే నా చేతిలో రెండు అరిసెలు పెట్టింది.

"మా పిల్లలు తెలుగు ఫటాఫట్ మాటాడతారండీ, చదవడమే రాదు," అంది. "ఇంట్లో నేను తిడితే తెలుగులో తిడతాను, పొగిడితే హిందీలో పొగుడుతాను. అందుకని వాళ్ళకి తెలుగు తిట్లే ఎక్కువొచ్చు."

ఇద్దరం నవ్వుకుంటుండగానే మహానది వంతెన మీదికి రైలెక్కింది. ఇసుక మేటల మధ్య నీళ్ళు సన్నగా, లేత ఎండలో మెరుస్తున్నాయి. వంతెన దాటితే ఆరంగ్. అక్కణ్ణుంచి రెండువైపులా కోసేసిన వరి మళ్ళు, మధ్యమధ్య ముదురాకుపచ్చ చెలకలు. నేను వెతకబోయేది సరిగ్గా ఆ మళ్ళలోనే. కానీ మా రైలు మందిర్ హసౌద్‌లో ఆగదు. రాయపూర్ దాకా పోయి వెనక్కి రావాలి.

ఏ మందిర్?

రాయపూర్ స్టేషను బయట ఇరవై రూపాయలకు పోహా తిన్నాను. అటుకుల ఉప్మా అనుకోండి, పైన కారప్పూస, ఉల్లిపాయ. పక్కనే వేడి జిలేబీ పెట్టాడు. తీపీ కారమూ ఒకే ప్లేటులోనా అని సందేహించాను. రెండో ముద్దకి సందేహం పోయింది. మా ఊళ్ళో ఇడ్లీ పక్కన జిలేబీ పెడితే హోటలాయన్ని వింతగా చూస్తారు.

షేర్ ఆటోలో కూర్చుని "మందిర్" అన్నాను. హసౌద్ అన్న మాట ఆటో చప్పుడులో కొట్టుకుపోయినట్టుంది. అరగంట తర్వాత డ్రైవరు లారీలు కిక్కిరిసిన పెద్ద కూడలిలో, ఒక గుడి ముందు ఆపి, "లో దీదీ, మందిర్," అన్నాడు. అది టాటీబంధ్, ఊరికి పడమటి కొస. నేను వెళ్ళాల్సింది తూర్పుకి. నాయుడు గారికి ఫోను చేస్తే, వెనకనుంచి ఆయన భార్య నవ్వు వినిపించింది. "దేవుడికి దండమెట్టుకుని వచ్చీమను," అంటోంది. దండం పెట్టుకునే వచ్చాను.

మందిర్ హసౌద్‌లో బస్సు దిగేసరికి మధ్యాహ్నం అయింది. నాయుడు గారు ఎదురొచ్చాడు. తెల్లటి గుబురు మీసం, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, ఎడమ మోకాలికి పట్టీ. నా చేతిలో సంచీ లాక్కుని, "రండమ్మా, ముందు తినండి. పిట్టలు ఎక్కడికీ పోవు," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "రెండేళ్ళయినాది నాను అటు ఎల్లి. మోకాలు," అన్నాడు. అప్పుడు నాకు కొంచెం భయం వేసింది. ఈయన చెప్పేది రెండేళ్ళ కిందటి మాటన్నమాట.

ఆయన భార్య గౌరమ్మ. బియ్యప్పిండితో పల్చటి అట్లు వేసి టమాటా పచ్చడితో పెట్టింది. అక్కడ దాన్ని చీలా అంటారు. మినప్పప్పు పడదు, పులియబెట్టేదీ లేదు. పక్కన ఒక ఆకుకూర వేపుడు, పప్పుగింజ వాసనతో కమ్మగా ఉంది. ఏ ఆకని అడిగాను.

"తీవ్‌రా భాజీ. మన కేసరి పప్పు మొక్కే తల్లీ. లేత కొసలు గిల్లి వండుతారు. ఇక్కడ ఇది సుట్టాలొస్తే చేసే కూర."

మన దగ్గర కేసరి పప్పంటే కందిపప్పులో కలిపే కల్తీ. అదే పప్పు పూట పూటా తింటే కాళ్ళు పడిపోతాయని పిల్లలకు నేనే పాఠం చెబుతాను. ఆకుకూర మాట ఏ పాఠంలోనూ లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

లేని గేటు

మర్నాడు పొద్దున్నే ఆటోలో ఆయన పాత గేటు దగ్గరికి వెళ్ళాం. గేటు లేదు. రోడ్డును పట్టాల కిందినుంచి తవ్వి అండర్‌బ్రిడ్జి కట్టేశారు. ఆయన డ్యూటీలో కూర్చునే చిన్న గది, గుమ్టీ, ఉన్న చోట సిమెంటు దిమ్మ మాత్రం మిగిలింది. ఆయన దాని మీద కూర్చుని చుట్టూ చూశాడు. నేనూ చూశాను. అటువైపు చెలకల్లో సగం ప్లాట్లయిపోయి, తెల్లసున్నం వేసిన హద్దురాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇక్కడే, ఈ తుమ్మ చెట్ల కింద దిగేవి. కార్తీకంలో వచ్చి, హోళీ దాటాక పోయేవి," అన్నాడు.

రెండు గంటలు తిరిగాం. చుక్కల గువ్వలు, మెడపట్టీ గువ్వలు, పట్టాల మీద గింజలేరుకునే పావురాలు. పదకొండు దాటాక ఒక ఇప్పచెట్టు కొమ్మ మీద రెండు పెద్ద గువ్వలు కనిపించాయి. బైనాక్యులర్స్ ఎత్తాను. రెక్కల మీద ఇటుకరంగు పొలుసులు, మెడ మీద చారలు. వాటిలో ఒకటి తోక విప్పింది. అంచు బూడిదరంగు. తోక కింద కూడా ముదురే.

"ఇది స్థానిక గువ్వేనండీ," అన్నాను.

ఆయన బైనాక్యులర్స్ అడగలేదు. "అవును. ఇది ఇక్కడిదే. నాను సెప్పింది ఇది కాదు. దానికి తోకంచు తెల్లగుంటాది."

"అంత దూరం నుంచి తోక అంచు ఎలా కనిపించింది మీకు?"

"గాడీ వచ్చినప్పుడల్లా కనిపిస్తాది."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ బూడిదరంగు అంచు చూడగానే నా లోపల ఎక్కడో చిన్న ఊరట కలిగింది. నా పటం తప్పు కాదు, పేజీ మళ్ళీ గీయక్కర్లేదు. ఆ ఊరట మొహంలో కనిపించిందేమో, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన డ్రైవరు పక్కకి వెళ్ళి కూర్చున్నాడు.

గౌరమ్మ చెప్పింది

సాయంత్రం నాయుడు గారు మందుల షాపుకి వెళ్ళినప్పుడు గౌరమ్మ పెరట్లో నా పక్కన కూర్చుంది. వంకాయలు తరుగుతూ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఆయన సెప్పింది సగమే ఇన్నావు తల్లీ."

"నేను విన్నానమ్మా. చూసిందే చెప్పాను."

"అలాగే ఒకాయన సెప్పినాడు. ఈ రాయపూర్‌లోనే. ఏదో పిట్టల మీటింగంటే ఈయన డూటీ మార్పించుకుని, కొత్త చొక్కా ఏసుకుని ఎల్లినాడు. లేచి నిలబడి ఈ గువ్వ సంగతి సెప్పినాడు. అక్కడి పెద్దమనిషి, 'తుమ్ ఫాటక్ దేఖో భాయ్, పంఛీ హమ్ దేఖ్ లేంగే,' అన్నాడంట. నువ్వు గేటు సూసుకో, పిట్టల్ని మేం సూసుకుంటాం అని. అందరూ నవ్వినారు. ఆ దినం నుంచి ఇంట్లో పిట్ట పేరెత్తలేదు. ఏళ్ళయిపోయినాది. మల్లీ నీ పుస్తకం సూసి ఎత్తినాడు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను నవ్వలేదు, మర్యాదగానే మాట్లాడాను. కానీ ఆ మర్యాద వెనక ఉన్నది ఆ నవ్వే కదా అనిపించింది.

ఆయన వచ్చాక నేనే అడిగాను. "బాబాయ్, గాడీ వచ్చినప్పుడు కనిపిస్తుందన్నారు కదా. అదేమిటో నాకు సరిగ్గా చెప్పండి."

నాయుడు గారు అన్నది నా నోట బాబాయ్ ఎలా అయిందో నాకూ తెలీదు. ఆయన చెప్పులు విప్పుతూ ఆగాడు.

"సెప్తే ఏటుంది, రేపు సూపిస్తాను. గేటు కాడ తీవ్‌రా ఏసేవోళ్ళు లేరు కదా, అందుకని పిట్టా లేదు. సుక్‌వారో బాయని ఒకావిడ ఇంకా ఏస్తందంట. ఆరంగ్ దిక్కు, లైను పక్కనే ఆవిడ ఖేత్."

నా తిరుగు రైలు రేపు సాయంత్రమే. ఒక్క పూట మిగిలింది.

సుక్‌వారో పొలం

గౌరమ్మ కూడా మాతో బయల్దేరింది. "ఈసారి నవ్వితే నాను ఉంటాను," అంది మొగుడితో. ఆయన మీసం కింద నవ్వుకున్నాడు.

సుక్‌వారో బాయికి అరవై ఉంటాయి. చేతుల మీద పచ్చబొట్లు, కాళ్ళకు వెండి కడియాలు. నాయుడు గారిని చూడగానే కొడవలి కింద పడేసి, "అరే, ఫాటక్ బాబూ!" అని కేక వేసింది. ఆవిడ కోడలికి నొప్పులొచ్చిన రోజు ఆయన కంట్రోలుకి ఫోను చేసి, బతిమాలి, రెండు గూడ్సుల మధ్య గేటు తీయించి బండి దాటించాడట. ఆ మనవరాలు ఇప్పుడు ఆరంగ్‌లో పదో తరగతి చదువుతోంది.

తర్వాత నా వైపు తిరిగి, "కహా లే ఆయే హవ, దీదీ?" అంది. ఎక్కడి నుంచి వచ్చావక్కా అని. విజయనగరం అన్నాను. తెలియదంది. నాయుడు గారి దేశం అన్నాను. అది తెలుసంది.

అక్కడివాళ్ళు వరి కోతకు ముందే, తడి మడిలోనే తీవ్‌రా గింజలు చల్లేస్తారు. దుక్కి లేదు, నీరు పెట్టేది లేదు. వరి కోశాక మోళ్ళ మధ్యనుంచి ఆ మొక్క లేస్తుంది. మా వైపు వరిమాగాణిలో మినుములు చల్లినట్టే. నేను వెళ్ళేసరికి సగం పొలం కోసి, కట్టలు పడేసి ఉన్నాయి. రాలిన గింజలు మోళ్ళ మధ్య ఎక్కడ చూస్తే అక్కడ. ఆవిడ కొన్ని పచ్చికాయల తీగలు గడ్డితో సహా అంటించి, కాలిన కాయలు చేత్తో నలిపి ఊది నా దోసిట్లో పోసింది. పొగ వాసన, పచ్చి తీపి. మసి మూతికంతా అంటింది.

"పండ్కీలు వస్తున్నాయా?" అని నాయుడు గారు అడిగాడు. పండ్కీ అంటే అక్కడ గువ్వ.

"పండ్కీ మన్ తో రోజ్ ఆథే," అంది సుక్‌వారో, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. రోజూ వస్తూనే ఉన్నాయట. వలలు పట్టుకుని వచ్చినవాళ్ళను కొడవలితో తరిమిందట. "నా రాలిన గింజ తింటాయి, కట్టలో గింజ ముట్టవు. వాటితో నాకేం తగువు?"

ఎక్కడున్నాయని చూస్తే ఏమీ లేదు. మోళ్ళు, ఎండు గడ్డి, గోధుమరంగు మట్టి. బైనాక్యులర్స్‌తో ఒక్కో అడుగూ వెతికితే, చాలాసేపటికి ఒక తల కదిలింది. పక్కన ఇంకొకటి. మట్టిరంగులో కలిసిపోయి మేస్తున్నాయి. పెద్ద గువ్వలే. కానీ ఏ రకం? మోళ్ళ వెనక తోక కనిపించదు.

దగ్గరికి వెళ్దామని గట్టు వెంట వంగి నడిచాను. పక్క మడి తడిసి ఉందని చూసుకోలేదు. కాలు జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాను. కెమెరా ఒక్కటే పైకెత్తి పట్టుకోగలిగాను. సుక్‌వారో, గౌరమ్మ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

"ఎల్లొద్దమ్మా. దగ్గరికెల్తే నడిచి దూరం పోతాయి గానీ లెగవు," అన్నాడు నాయుడు గారు. "ఇలగొచ్చి కూర్చో."

ఆయన పొలం వైపు చూడటం లేదు. దూరంగా సిగ్నల్ స్తంభం వైపు చూస్తున్నాడు. ఎర్రదీపం పచ్చబడింది.

"మాల్‌గాడీ. బొగ్గు దింపేసిన ఖాళీ గూడ్సు. అయిదు నిమిసాలు."

"బాబాయ్, సిగ్నల్ చూసి ఖాళీ బండని ఎలా..."

"ఈ టయానికి ఇంకేటొస్తాది? కెమెరా ఎత్తు. ఆ తుమ్మచెట్టుకి గురెట్టు. గాడీ హారన్ కొట్టినప్పుడు లెగవు. ఇంజన్ పోయినప్పుడు కూడా లెగవు. నాలుగో డబ్బా కాడ లెగుస్తాయి. ఎందుకో నాకు తెల్దు. ఇరవై ఆరేళ్ళూ అంతే."

పట్టాలు సన్నగా మోగాయి. హారన్ మోగింది. పొలం కదల్లేదు. ఇంజన్ మమ్మల్ని దాటి పోయింది. నేల అదిరింది. ఒకటి, రెండు, మూడు అని ఆయన వేళ్ళు మడుస్తున్నాడు.

నాలుగో డబ్బాకి పొలం లేచింది.

ఒకటీ రెండూ కాదు, మోళ్ళ మధ్య ఉన్నవన్నీ ఒక్కసారి. రెక్కలు టపటపలాడించుకుంటూ మా ఎదురుగా పైకి లేచి, ఎండలో పక్కకి తిరిగాయి. తోకలు విసనకర్రల్లా విచ్చుకున్నాయి. ప్రతి విసనకర్రకూ అంచున తెల్లటి పట్టీ. పొట్ట కింద తెలుపు. నా వేలు కెమెరా బటన్ మీదినుంచి లేవలేదు. నోట్లోంచి ఏదో కేక వచ్చిందట, గౌరమ్మ తర్వాత చెప్పింది.

బండి పోయింది. గువ్వలు తుమ్మచెట్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అదే పొలంలో దిగిపోయాయి. నేను లెక్కపెట్టినంతలో అరవై దాటాయి. కెమెరా తెరమీద బొమ్మ పెద్దది చేసి చూశాను. అనుమానానికి చోటు లేదు. ఇలాంటి ఒక గుంపు కోసం నేను పదిహేనేళ్ళుగా చలికాలమంతా తిరుగుతున్నాను.

"బాబాయ్, నేను తప్పు రాశాను," అన్నాను. "మీరు చెప్పిందే నిజం. అచ్చులో దిద్దుతాను. ఎవరు చూసి చెప్పారో ఆ పేరుతో సహా వేస్తాను."

ఆయన చొక్కా గుండీలు ఒకసారి సర్దుకున్నాడు. గౌరమ్మే అంది, "పేరు పూర్తిగా రాయి తల్లీ. గేట్‌మన్ అని కూడా రాయి."

తెర మీది బొమ్మ సుక్‌వారోకి చూపించాను. ఈ గువ్వకు ప్రస్తుతానికి ముప్పేమీ లేదనీ, కానీ ఐరోపా నుంచి ఆఫ్రికాకు వలసపోయే దీని దాయాది గువ్వ మాత్రం ఏటేటా తరిగిపోతోందనీ, దారిలో వేటాడేవాళ్ళున్నారనీ, పొలాల్లో దానికి రాలు గింజలు దొరకడం లేదనీ చెప్పాను. నాయుడు గారు ఆవిడకు ఛత్తీస్‌గఢీలో అర్థం చెప్పాడు. ఆవిడ విని, కొడవలి తీసుకుంటూ, "మరి వాళ్ళు తీవ్‌రా వేసుకోవచ్చు కదా?" అంది. ఇంతకంటే మంచి సలహా నేను ఏ సభలోనూ వినలేదు.

గట్టు మీద కూర్చున్నాం. కొంతసేపటికి నాయుడు గారు అడిగాడు.

"అమ్మా, హిమాలయాలకి అవతల అని రాసినావు. అవతల అంటే ఎక్కడ?"

ఒక పుల్ల తీసుకుని మట్టిలో గీశాను. ఇది రాయపూర్. ఇది ఢిల్లీ. ఇవి మంచుకొండలు. కొండలకు ఆవల ఎడారులు, గడ్డిమైదానాలు, ఇంకా పైన సైబీరియా అంచు. అక్కడెక్కడో ఇవి గూడు పెడతాయి, పిల్లల్ని చేస్తాయి, చలి మొదలవగానే బయల్దేరతాయి. పుల్ల గీసిన గీత ఆయన కాళ్ళ దగ్గర మొదలై గట్టు చివరిదాకా పోయింది. ఆయన ఆ గీతను ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూశాడు.

"ఎన్ని టేసన్లుంటాయి మధ్యలో?"

"స్టేషన్లు లేవు బాబాయ్. దారి చెప్పేవాళ్ళూ లేరు. కొత్తగా పుట్టిన పిల్ల కూడా సొంతంగా వచ్చేస్తుంది."

ఆయన లేచి నిలబడ్డాడు. మోకాలు నొప్పి గుర్తున్నట్టు లేదు. పొలం వైపు, పట్టాల వైపు, మా ముగ్గురి వైపు చూశాడు. తర్వాత ఆ బయలంతా వినబడేలా గట్టిగా నవ్వాడు.

"ఇన్నావేటే గౌరీ! అంత దూరం నుంచి, ఎవుల్నీ అడక్కుండా వచ్చి, నా ఫాటక్ కాడ దిగినాయి!"